రాచెల్ మడత ఫోను

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు వెనక సందులో రామాయమ్మ గారి లేడీస్ టైలరింగ్ షాపు ఉండేది. గుమ్మం పక్క మిషను రాచెల్‌ది. మాట నెమ్మది గానీ నవ్విందంటే సందు చివరిదాకా వినపడేది. ఆదివారాలు మిషన్ చర్చి క్వయిర్‌లో పాడేది. భర్త జోసఫ్ రాజు పారాదీప్ ఓడరేవులో క్రేను నడిపేవాడు. రెండు మూడు నెలలకోసారి వచ్చి నాలుగు రోజులుండి వెళ్లేవాడు. కూతురు జెన్నీ ఒకటో తరగతి చదువుతోంది.

2005 వేసవిలో సెలవుకి వచ్చినప్పుడు జోసఫ్ రాజు ఆమెకి ఒక ఫోను తెచ్చాడు. ఊళ్లో సెల్‌ఫోన్లు అప్పటికి కొత్త కాదు. అందరి దగ్గరా ఉన్నవి సబ్బు బిళ్లల్లాంటివే. ఇది వేరు. నేరేడుపండు రంగు, పల్చటి ఒళ్లు. బొటనవేలితో మూత ఎత్తితే టప్పుమని విచ్చుకుని లోపల నీలం వెలుగు వచ్చేది. మూత పైన అగ్గిపెట్టెలో సగమంత అద్దం. ఎవరు చేస్తున్నారో ఆ అద్దంలోనే పేరు పడేది.

"ఓలమ్మ! పౌడరు డబ్బాలాగుందే," అంది పక్క మిషను కామమ్మ. "ఓపాలి నన్ను తియ్యనీ."

జాకెట్లు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్లు కొలతల సంగతి మరిచిపోయి ఆ ఫోనునే అడిగేవారు. ఇందులో ఫొటో వస్తుందా, మూత విరిగిపోదా, మీ ఆయన ఎక్కడ కొన్నాడు. "నీకేటమ్మా, మొగుడు దూరంగున్నా గుండెల్లో ఎట్టుకున్నాడు," అనేవారు. రాచెల్‌కి ఆ మాటలు ఇష్టంగానే ఉండేవి. మిగిలిన వెల్వెట్ ముక్కతో ఫోనుకో చిన్న సంచి కుట్టి నడుముకి దోపుకునేది. సాయంత్రం అతను ఫోను చేస్తే మెట్ల మీద కూచుని మాట్లాడేది. రేవులోకొచ్చిన ఓడల గురించి, క్రేను మీంచి చూస్తే మనుషులు ఎంతెంత కనపడతారో అతను చెప్తుంటే వింటూ నవ్వేది.

వానలు మొదలయ్యేసరికి ఫోను పగళ్లు కూడా మోగడం మొదలుపెట్టింది.

"ఎక్కడున్నావు?"

"షాపులోనండి."

"మిషను సౌండు రాట్లేదేటి మరి?"

"హుక్కులు కుడతన్నాను. సేత్తో పని."

"కామమ్మకియ్యి ఫోను."

మొదటిసారి కామమ్మ నవ్వుతూనే తీసుకుంది. "ఇక్కడే ఉన్నాది బాబూ, నా పక్కనే," అని చెప్పింది. ఆ తర్వాత ఇక నవ్వలేదు. ఫోను అందుకోవడం, ఉన్నాదని చెప్పడం, తిరిగిచ్చేయడం. రాచెల్ ముఖంలోకి చూడటం మానేసింది.

రెండో మోతకి ఎత్తకపోతే అతనికి కోపం వచ్చేది. బజారులో కూరగాయలవాడి గొంతు వినపడితే, ఆ మగగొంతు ఎవరిదని అడిగేవాడు. బాత్రూములో ఉంటే జెన్నీ తలుపు బాదేది: "అమ్మా, నాన్న ఫోను! బేగి రా!" రాచెల్ ఒంటి మీద సబ్బు నురగతోనే చెయ్యి బయటికి చాపేది.

ఒక ఆదివారం పాట మధ్యలో మోగింది. సంఘమంతా తిరిగి చూసింది. పాస్టరయ్యగారు కళ్లద్దాల మీదుగా చూశారు. రాచెల్ వరస తప్పించుకుని వరండాలోకి పరిగెత్తింది. "సర్చిలో ఉన్నానండి, పాటవుతోంది," అని గుసగుసగా అంది. "అయితే ఫోను లోపలెట్టు, పాట ఇంటాను," అన్నాడతను. తలుపు దగ్గర నిలబడి, విచ్చిన మూతని లోపలివైపు పట్టుకుంది. పాట అయ్యేదాకా అలాగే పట్టుకుంది. మరుసటి వారం గొంతు బాగోలేదని చెప్పి క్వయిర్ మానేసింది.

రాచెల్ తల్లి ప్రేమావతి రావికమతం దాటి లోపలికి వెళ్లే ఒక పల్లెలో ఒంటరిగా ఉండేది. చుట్టూ జీడిమామిడి తోటలు, వెనక కొండ. ఆ ఊళ్లో సిగ్నల్ అందదు. రావికమతంలో బస్సు దిగి ఆటో ఎక్కితే రెండు మలుపులు తిరిగేసరికి ఫోను అద్దంలో గీతలన్నీ పోయేవి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ జోసఫ్ రాజుకి ఆమె అక్కడికి వెళ్లడం ఇష్టం లేదు. వద్దని ఎప్పుడూ నోటితో అనలేదు. "సాయంత్రానికి ఒచ్చెయ్," అనేవాడు, అంతే.

ఆశ్వయుజంలో తల్లికి జ్వరమని కబురొచ్చింది. రాచెల్ జెన్నీని తీసుకుని వెళ్లింది. ముసలామె దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. కూతురు గంజి కాచి తాగించింది, ఒళ్లు తుడిచింది. సూర్యుడు కొండ వైపు వాలేసరికి రాచెల్ కళ్లు గుమ్మం మీదకి పోవడం మొదలైంది.

"ఈ రాత్రికుండిపోవే," అంది తల్లి.

"లేదమ్మా. ఆయన ఫోను సేస్తారు."

ప్రేమావతి పక్కింటి అప్పాయమ్మని పిలిచి, ఈ రాత్రికి నా దగ్గర పడుకుంటావా అని అడిగింది. ఆ అడగడం రాచెల్ వింది. అయినా బస్సెక్కింది. రావికమతంలో గీతలు వచ్చీ రాగానే ఫోను మోగింది. పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నానన్నాడు.

క్రిస్‌మస్ ముందర ఒక రోజు ఫోను మోగితే మూత తీసింది. లోపల వెలుగు లేదు, నలుపే. మాట వినపడుతోంది గానీ ఏమీ కనపడటం లేదు. అబీద్ సెంటర్‌లో రమేష్‌బాబు రిపేరు షాపుకి పట్టుకెళ్లింది.

అతను మూతని నాలుగుసార్లు తెరిచి మూసి చూశాడు. "లోపల మూతకెళ్లే స్ట్రిప్ పోనాది మేడమ్. సోకు సూసి కొంటారు, తెరిసీ మూసీ మడత కాడ నలిగిపోద్ది. ఈ మోడలు కొన్నోళ్లందరూ ఇదే కంప్లయింటు. వైజాగ్ నించి తెప్పించాల. వారం పదిరోజులు పడద్ది."

ఫోను అక్కడే వదిలి షాపు మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైనట్టనిపించింది. ఆ తేలిక కాంప్లెక్సు దాకా కూడా నిలవలేదు. ఈ కబురు అతనికి చెప్పాలి. ఎస్టీడీ బూత్‌లోంచి చెప్పింది.

"పోనాదా, పగలగొట్టీసినావా?" అన్నాడు జోసఫ్ రాజు.

ఇక రామాయమ్మ గారి షాపులో ల్యాండ్‌లైన్ మోగడం మొదలైంది. ఆవిడ రెండు రోజులు ఓర్చుకుని, "ఏటి రాచెల్, మీ ఆయన పోలీసా?" అనేసింది. నలుగురూ నవ్వారు. రాచెల్ కూడా నవ్వబోయింది, రాలేదు. నడుము దగ్గర సంచి ఖాళీగానే ఉంది. అయినా ఎక్కడ ఏ గంట మోగినా చెయ్యి అక్కడికే పోతోంది. ఫోను లేకపోయినా తను ఇంకా ఆ గంటకే కట్టి ఉన్నానని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం రాచెల్ వంట చేస్తోంది. జెన్నీ చాప మీద బొమ్మని ఎదురుగా కూచోబెట్టుకుంది. జామెట్రీ బాక్సు మూత ఎత్తి చెవికి పెట్టుకుంది.

"ఎక్కడున్నావు? పక్కనెవరు? అబద్దం సెప్పకు. మిషను సౌండు ఇనిపించు."

బొమ్మ మాట్లాడలేదు. జెన్నీ బాక్సుతో దాని నెత్తిన ఒకటి మొట్టింది. "రెండోపాలికే ఎత్తాలని సెప్పినానా లేదా?"

రాచెల్ పొయ్యి ఆపేసింది. కూతుర్ని ఒళ్లోకి లాక్కుని కూచుంది. "అమ్మా, ఆకలి," అని జెన్నీ అంటే లేచింది.

ఫోను బాగై వచ్చిన వారానికే మళ్లీ కబురొచ్చింది. ప్రేమావతికి ఊపిరి ఆడటం లేదు, డాక్టరు నిమ్ము చేరిందన్నాడు. రాచెల్ జెన్నీతో కాంప్లెక్సులో నిలబడి మూత తెరిచి, ఈసారి తనే అతనికి చేసింది.

"మా అమ్మకి బాగోలేదు. తగ్గేదాకా అక్కడే ఉంటాను. అక్కడ సిగ్నలుండదు, మీకు తెలుసు."

"సాయంత్రానికి ఒచ్చెయ్యమని సెప్పినాను..."

"ఇన్నానండి. బస్సొచ్చింది."

మూత మూసింది. టికెట్టు తీసుకునేటప్పుడు ఊరి పేరు తప్పు చెప్పి, మళ్లీ సరిగ్గా చెప్పింది. రావికమతం చేరేదాకా ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు, ఆపెయ్యనూ లేదు, ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూచుంది. ఆటోలో రెండో మలుపు తిరిగాక అది దానంతటదే ఆగింది.

మూడో రోజు మధ్యాహ్నం జోసఫ్ రాజు వచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. రైలు దిగి ఇంటికి కూడా వెళ్లలేదు. మంచం మీంచి ప్రేమావతి లేవబోయింది. "బావున్నారా బాబూ? అంత దూరం నించి నా కోసం ఒచ్చినారా?" అంది. అతను మంచం పట్టె మీద కూచుని, "పడుకో అత్తా," అన్నాడు. గుమ్మంలో అప్పాయమ్మా, ఇంకో ఇద్దరు ముగ్గురూ నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు అరవలేకపోయాడు.

వాళ్లు వెళ్లాక అరుగు మీదకి రమ్మని రాచెల్‌ని పిలిచాడు.

"ఏటనుకుంటన్నావు నువ్వు? ఫోను ఎత్తవా?"

రాచెల్ స్తంభానికి ఆనుకుని నిలబడింది. "మీరు పక్కనుంటే నాకు బయం లేదండి. ఎప్పుడూ లేదు. మీరు లేనప్పుడు ఆ ఫోనులో ఉంటారు సూడండి, ఆ మనిసంటే బయం."

అతను తలెత్తాడు.

"జెన్నీ బొమ్మనట్టుకుని అడుగుతంది, పక్కనెవరని. నెత్తిన మొట్టుతంది."

ఆ మాటకి జోసఫ్ రాజు ముఖం మారిపోయింది. అరుగు అంచున కూచుని చెప్పాడు. పారాదీప్‌లో తన గది పంచుకున్న మనిషి భార్య ఎవరితోనో వెళ్లిపోయిందట. అప్పట్నుంచీ గదిలో రోజూ ఆ మాటలేనట. "నీ పెళ్లాం ఇప్పుడెక్కడుందో నీకు తెలుసా" అని తాగినవాడు ఒకడు అడిగితే, పరాచికానికి కూడా నవ్వలేకపోయానన్నాడు.

"ఆ మాట నాతో సెప్పొచ్చు కదా," అంది రాచెల్.

"ఏటని సెప్పమంటావు?"

"ఇప్పుడు సెప్పినట్టే. సాయంత్రం సెయ్యండి, ఎంతసేపైనా మాటాడతాను. పగలు నా పని నన్ను సేసుకోనీండి. కామమ్మకి ఫోనియ్యను ఇంక."

మర్నాడు తెల్లారి అతను కూతుర్ని భుజాన ఎక్కించుకుని జీడితోట దాకా నడిచి వచ్చాడు. అత్తగారికి మందులు తెచ్చిపెట్టి, రాచెల్‌ని తనతో రమ్మనకుండా ఒక్కడే బస్సెక్కాడు. రాచెల్ తల్లి కోలుకునేదాకా అక్కడే ఉంది.

అంతటితో అన్నీ తీరిపోయాయని చెప్పలేం. పగటి ఫోన్లు తగ్గాయి, మానలేదు. కొన్ని వారాలు బాగుండేవాడు. ఓ రోజు హఠాత్తుగా పాత గొంతుతో "ఎక్కడున్నావు" అనేవాడు. రాచెల్ "పనిలో" అని చెప్పి మూసేసేది. అలా మూసినప్పుడల్లా మళ్లీ మోగుతుందేమోనని కాసేపు ఆ అద్దం వంకే చూసేది. మూడేళ్లకి అతను పారాదీప్ వదిలి పాయకరావుపేట దగ్గర పనికి కుదిరి, రోజూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మొదట్లో అతను గుమ్మంలో కనపడగానే ఫోను మోగినట్టనిపించి రాచెల్ మాట మధ్యలో ఆగిపోయేది. ఆమె ఆగిపోవడం అతను గమనించేవాడు, చెప్పులు విప్పి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. వాళ్లిద్దరూ మామూలుగా కూచుని అన్నం తినడానికి చాలా కాలమే పట్టింది.