గినీ పందికి చేసిన మర్యాద

నా చిన్నప్పుడు మా ఇంటికి భోజనానికొచ్చిన వాళ్లెవరూ మామూలుగా నడిచి వెళ్లినట్టు గుర్తులేదు. బందరు పక్క పల్లె మాది. వద్దు మొర్రో అంటున్నా ఇంకో గరిటె వడ్డించడమే మర్యాదనుకునే ఇల్లు. ఆ మర్యాదతోనే, తొమ్మిదేళ్ల వయసులో, నేనొక మూగజీవాన్ని చంపినంత పని చేశాను.

పక్కింటి అక్క ఒక గినీ పందిని పెంచేది. పేరుకే పంది, చూడటానికి తోకలేని బొద్దు ఎలుకలా ఉండేది. గుడ్లవల్లేరులో వాళ్ల పిన్ని ఇంటికి వెళ్తూ, నాలుగు రోజులు చూడమని దాన్ని పెట్టెతో సహా నాకు అప్పగించింది. “ఎండుగడ్డి ఎప్పుడూ ఉంచు. పచ్చిమేత మాత్రం గుప్పెడే,” అంది. మనింటికొచ్చిన ప్రాణికి గుప్పెడు పెట్టడమేమిటని నాకు చిన్నతనంగా అనిపించింది.

వరి కోతలయ్యాక మా వైపు చేలల్లో పిల్లిపెసర పెరుగుతుంది. పశువులు ఆ మేతంటే పడి చస్తాయి. మర్నాడు పొద్దున్నే గేదె కోసం తెచ్చిన మోపులోంచి, మంచు ఇంకా ఆరని పిల్లిపెసరను తీసి పెట్టె నిండా కుక్కాను. అది తింటూనే ఉంది, నేను పెడుతూనే ఉన్నాను. పది గంటలకల్లా మూలకు ముడుచుకుని కూర్చుంది. తాకితే పొట్ట గట్టిగా, ఉబ్బుగా ఉంది.

గేదెకు పొట్ట ఉబ్బితే నూనె పట్టించడం చూశాను గనుక, ఉగ్గుగిన్నెలో నూనె పోసుకుని దాని నోరు తెరవబోయాను. మా నాయనమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. తిట్టలేదు. దాన్ని బుట్టలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచింది. డాక్టరు గారు పొట్ట నిమిరి చూసి, “కొంచెమే ఉబ్బిందండీ. పచ్చిమేత ఆపేసి ఎండుగడ్డీ నీళ్లూ దగ్గర పెట్టండి. సాయంత్రానికి కూడా ముట్టకపోతే మళ్లీ తీసుకురండి,” అన్నారు. మందేదీ ఇవ్వకపోవడం నాకు అన్యాయమనిపించింది.

ఇంటికొచ్చాక నేను కుదురుగా కూర్చుంటేగా. ఒకసారి క్యారెట్ ముక్క, ఒకసారి వాము నీళ్లు పట్టుకుని వెళ్లాను. రెండుసార్లూ నాయనమ్మ వెనక్కి పంపింది. అక్క వచ్చి ఖాళీ పెట్టె చూస్తున్నట్టు ఊహించుకుని ఏడ్చాను.

“ఏదో ఒకటి పెడదాం నాయనమ్మా.”

“దానికి ఆకలిగా లేదే. పెట్టకపోతే నీకే తోచట్లేదు. కూర్చో.”

అని, చంకెడు ఎండుగడ్డి నా ఒళ్లో పడేసి, దుమ్ము లేని మెత్తని పరకలు ఏరమంది. అదే వైద్యమనుకున్నాను. మధ్యాహ్నమంతా ఒక్కో పరకా దులిపి, చివర్లు తుంచి, వరసగా పేర్చాను. ఒక్కోటీ దాని మూతి దగ్గర పెడితే మొహం తిప్పుకునేది. అంత నిస్సహాయంగా నేను అంతకుముందెప్పుడూ లేను.

నాలుగింటికి అది మెల్లగా కదిలింది. నేను ఏరిన పరకల్ని తొక్కుకుంటూ వెళ్లి, అవతల పడున్న మామూలు గడ్డి నమలడం మొదలుపెట్టింది. కాసేపటికి నాలుగు పెంటికలు వేసింది. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ వాటిని చూసి, నవ్వింది. గడ్డి ఏరించింది గినీ పంది కోసం కాదని, నా చేతులు కట్టెయ్యడానికని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మొన్న వేసవిలో మా ఆయనకు పొట్ట ఆపరేషనయింది. నోటికి ఏమీ ఇవ్వొద్దని డాక్టర్లు చెప్పి వెళ్లారు. ఈయన నావైపు చూసి, “ఒక్క గుక్క కాఫీ పొయ్యవే,” అన్నారు. నలభై ఏళ్లలో ఆయన అడిగితే నేను లేదన్నది లేదు. ఫ్లాస్కు నా చేతిలోనే ఉంది. దాన్ని తీసుకెళ్లి బయట నర్సమ్మకిచ్చి, వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన అలిగి గోడవైపు మొహం తిప్పుకున్నారు. నేను కళ్లు తుడుచుకున్నాను గానీ, అక్కణ్నుంచి లేవలేదు.