బావ తుపాకీలో లూజు

మొన్న గాజువాకలో మెకానిక్ నా ఆటో క్లచ్ పట్టి చూసి, "లూజెక్కువైపోనాది గురూ, బిగించేత్తాను" అన్నాడు. సరే కానిమ్మన్నాను గానీ, లూజన్న మాటకి మా అక్క మొగుడు గుర్తొచ్చాడు. మా బావ మిలిటరీ నుంచి వచ్చాక, బ్యాంకు డబ్బులు మోసే వ్యానుకి గన్‌మ్యాన్‌గా చేరాడు. అందుకోసం లైసెన్సు తీసుకుని, మిలిటరీ రకం పాత రైఫిల్ ఒకటి కొనుక్కున్నాడు. కూర్మన్నపాలెంలో వాళ్లింటికెళ్తే, తూటాలు తీసేసి దానికి నూనె పెడుతూ కనిపించేవాడు. ఓసారి ట్రిగ్గర్ నొక్కి చూశాను. సగం దాకా ఊరికే వెనక్కి వచ్చేసింది.

"ఇదేటి బావా, పళ్లు కదిలిపోయిన ముసలోడి లాగుంది! మా మెకానిక్‌కిత్తే బిగించేత్తాడు" అన్నాను.

"అది రిపేరు కాదోయ్, కావాలనే ఎట్టినారు. ఏలు ఆ లూజంతా దాటి, గట్టిగా తగిలిన కాడ ఆగాలి. ఊపిరి బిగబట్టి అప్పుడు నొక్కాలి."

ఏడో తరగతితో బడి మానేసిన నాకు అంత ఓపిగ్గా పాఠం చెప్పినవాళ్లు లేరు. ఆ లెక్కన మా ఇంట్లో లూజు లేనిది అక్క నోరొక్కటే. ఇలా తాకితే అలా పేలేది.

ఓ ఏడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక బావ కుడిచెయ్యి వణకడం మొదలైంది. కంపెనీవాళ్లు ఏటా పెందుర్తి అవతల కొండ కింద కాల్పుల పరీక్ష పెట్టేవారు. గురి తప్పితే వ్యాను దిగి, కర్ర పట్టుకుని ఏటీఎం ముందు కూర్చోవాలి. పరీక్షకి నా ఆటోలోనే తీసుకెళ్లాను. ఆ చెయ్యి చూసి సూపర్‌వైజరు జాలిపడి కొత్త తుపాకీ అందించాడు. "దీనికి ఊరికే తాకితే సాలు బాబాయ్."

"తాకితే పేలేది నాకొద్దు బాబూ. ఇందులోనైతే నా వణుక్కి తిరగడానికి జాగా ఉంటాది" అని బావ తన పాతదాంతోనే నేలమీద బోర్లా పడుకున్నాడు.

వేలు వణుకుతూనే ఆ లూజంతా దాటింది. గట్టిగా తగిలిన చోట ఆనుకుంది. ఆనుకున్నాక వణుకు ఆగింది. అంతసేపూ నేను ఒక్క జోకూ వెయ్యలేదంటే మా అక్క ఇప్పటికీ నమ్మదు. తూటా గురి అట్ట నడిమధ్యలో కన్నం పెట్టింది.

బావ లేచి దుమ్ము దులుపుకుని, "ఈ ఒక్క ఏడాదే. పై ఏడు తుపాకీ నానే ఇచ్చేత్తాను" అన్నాడు. అన్నట్టే, పై ఏడు పరీక్షకి పిలవకముందే దాన్ని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో అప్పగించేశాడు. ఈలోగా రోజూ ఇస్త్రీ బట్టలు వేసుకుని, మీసం దువ్వుకుని వ్యానెక్కాడు. వాటంతటవే వచ్చిపడిన ఏళ్లు ఎన్నో ఎలా గడిచాయో తెలీదు గానీ, కాలాన్ని బతిమాలి తెచ్చుకున్న ఆ ఒక్క ఏడాదీ నాకు వానలతో, ఎండలతో సహా గుర్తుంది.