అలాస్కాలో రష్యన్ ఊళ్లు, గుమ్మం పక్క కప్పులు

రష్యా వెళ్లాలన్నది నా కోరిక కాదు, కరుణది. అమెరికాలోని చాండ్లర్‌లో ఒకే ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్లు పక్కపక్కనే పనిచేసి, మూడు నెలల తేడాతో రిటైరయ్యాం. ఇద్దరివీ తెనాలి చుట్టుపక్కల ఊళ్లే. తను ఆదివారం చర్చికి వెళ్లేది, నేను శనివారం గుడికి. అంతకుమించి ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరం తవ్వుకోలేదు. అమెరికాలో ఆ గొడవ ఎందుకని నా ఉద్దేశం. కరుణ స్కాలర్‌షిప్ మీద సోవియట్ రష్యాలో మెడిసిన్ చదివింది. హాస్టల్లో ఆరుగురమ్మాయిలు ఒకే కెటిల్‌లో టీ కాచుకుని, చేతికి ఏ కప్పు అందితే అందులో తాగేవారట. ఈ కథ నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. "ఇంకొక్కసారి రష్యన్ వాళ్లింట్లో కూర్చుని అలా టీ తాగితే చాలే" అనేది. యుద్ధం మొదలయ్యాక ఆ దేశం ప్రయాణం మా వయసువాళ్లకు అయ్యే పని కాదు. ఒకప్పుడు రష్యా చేతిలో ఉన్న అలాస్కాలో రష్యన్ల పాత ఊళ్లున్నాయని తెలిసి, జూలైలో నాలుగు రోజులకు నేనే టికెట్లు బుక్ చేశాను.

యాంకరేజ్‌లో ఉదయం పదింటికి కారు తీసుకున్నాం. నాలుగు రోజులకు నాలుగు వందల ఇరవై డాలర్లు. కీనై మూడు గంటల దారని ఫోన్ చెప్పింది కానీ, ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రపు పాయ ఉంటే కారు ఆపకుండా ఎవరు పోతారు? ఐదు గంటలు పట్టింది. కీనైలో నీలం గుమ్మటాల చెక్క చర్చి ముందు కరుణ చాలాసేపు నిలబడింది. ఆ రాత్రికి నూట తొంభై డాలర్ల క్యాబిన్‌లో బస చేశాం. మర్నాడు గంట ప్రయాణం చేసి నినిల్చిక్ చేరాం. గుట్ట మీద తెల్లటి చర్చి, చుట్టూ సమాధులు, వాటికి అడ్డంగా మూడు కర్రలున్న శిలువలు. గడ్డి కోస్తున్న ఒక పెద్దాయనను కరుణ రష్యన్‌లో పలకరించింది. ఆయన టోపీ తీసి, "నాకు అర్థం కాదమ్మా, మా అమ్మమ్మతోనే ఆ భాష పోయింది. అయినా ఇంకాస్త మాట్లాడండి, వింటాను" అన్నాడు ఇంగ్లీషులో. కరుణ మాట్లాడింది. ఆయన ఆ టోపీ మళ్లీ పెట్టుకోలేదు.

మూడో రోజు హోమర్ వైపు వెళ్లి, మెయిన్ రోడ్డు వదిలి కంకర బాట పట్టాం. ఆ పల్లె పేరు రాయను, గుంపులుగా జనం రావడం అక్కడివాళ్లకు ఇష్టం ఉండదు. పాత క్రైస్తవ ఆచారాలు వదులుకోలేక దేశాలు తిరిగి, యాభై ఏళ్ల కిందట ఇక్కడ స్థిరపడిన రష్యన్లు వాళ్లు. ఇంకా రష్యన్‌లోనే మాట్లాడుకుంటారు. ఒక ఇంటి ముందు చేప కజ్జికాయల్లాంటివి అమ్ముతామని బోర్డు ఉంది. ఒక్కోటి ఆరు డాలర్లు. తలకు గుడ్డ కట్టుకున్న ఒక అవ్వ వచ్చింది. కరుణ నోట రష్యన్ వినగానే ఆమె ముఖం విప్పారింది. లోపలికి రమ్మని ఇద్దరినీ చేయి పట్టుకుని తీసుకెళ్లింది. కరుణ కళ్లలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

టీ పోయడానికి అవ్వ తన కప్పును అద్దాల బీరువాలోంచి తీసుకుంది. మా కప్పులు మాత్రం గుమ్మం పక్కనున్న చిన్న చెక్క అరలోంచి తీసింది. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోటికి ఆ జ్ఞానం ఎప్పుడూ లేదు.

"కరుణా, చూశావా! అచ్చం మా నానమ్మ మడే! మా ఇంట్లోనూ కూలివాళ్ల గ్లాసులు ఇలాగే గుమ్మం పక్కన విడిగా ఉండేవి" అన్నాను నవ్వుతూ.

కరుణ నవ్వలేదు. కప్పు పట్టుకుని అవ్వను ఏదో అడిగింది. అవ్వ అరలో మిగిలిన నీలం పూల కప్పు చూపిస్తూ నెమ్మదిగా జవాబు చెప్పి, తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుంది.

"వాళ్లతో కలిసి ప్రేయర్ చేయనివాళ్లకి వేరే కప్పులంట" అంది కరుణ నావైపు చూడకుండా. "ఆ పూల కప్పు ఆవిడ కూతురిదంట. బయటి అబ్బాయిని పెళ్లి చేసుకుందంట. వచ్చినప్పుడు ఆ అమ్మాయికీ అందులోనే ఇస్తుందంట."

తర్వాత చల్లారిన టీని చివరిదాకా తాగి, అవ్వకు దండం పెట్టి లేచింది.

కారు కంకర బాట దాటి మెయిన్ రోడ్డెక్కాక నేనే, "కోపమొచ్చిందా?" అని అడిగాను.

"మా అమ్మ మీలాంటి వాళ్లింటికే కూలికెళ్లేది శారదా. తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చేది" అంది. మళ్లీ తనే, "ఆవిడ కూతురు వెనక్కొచ్చి వాళ్లతో ప్రేయర్‌లో కూర్చుంటే, ఆ కప్పు బీరువాలోకి పోద్ది. మా అమ్మ గ్లాసు ఏం చేస్తే లోపలికి పోద్దో ఎవరూ చెప్పలేదే" అంది.

"తప్పయిందే" అన్నాను.

"ఆ మాట అన్నందుకా, ఆ గ్లాసులకా?"

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను అన్న మాట గురించే సిగ్గుపడుతున్నాను. "గ్లాసులక్కూడా" అన్నాను.

"సరే, రోడ్డు చూసి నడుపు" అంది.

నాలుగో రోజు యాంకరేజ్‌కి తిరిగి వచ్చాం, దారి పొడవునా వాన. మేమిప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం, కాకపోతే కొంచెం ఆచితూచి. నన్ను బాధపెట్టేది ఒకటే. వందసార్లు విన్న కథను నేను హాస్టల్ కబుర్లలాగే విన్నాను. ఎవరి కప్పులో ఎవరు తాగారన్నది తనకు అంత ముఖ్యం ఎందుకని ఒక్కసారైనా అడగలేదు. నేను అడుగుతానేమోనని అన్నిసార్లు చెప్పిందేమో.

వెళ్లేవాళ్లకు ఒక సలహా. హోమర్ దాటేముందే పెట్రోలు నింపుకోండి, పల్లెల్లోకి నిండుగా బట్టలు వేసుకుని వెళ్లండి, టీ ఇస్తే ఏ కప్పులో ఇచ్చినా మర్యాదగా తాగండి. 'మా ఇంట్లోనూ ఇంతే' అని మురిసిపోయే ముందు మాత్రం, పక్కన కూర్చున్న మనిషిని ఆ ఇంట్లో ఎక్కడ కూర్చోబెట్టేవారో తలుచుకోండి.