సాంబారు గంజుతో సర్కిల్ చుట్టూ

జూలై, ఆదివారం, ఉదయం పదకొండున్నర. ఆటోలో ఉన్నవారు: నేను, మా కోడలు, మేముండే డిండోలిలో పక్క వీధి డ్రైవరు, నలభై మందికి సరిపడే సాంబారు గంజు. గంజును మనుషులతో కలిపి రాశాను. ఆ రోజు అందరికంటే ముఖ్యం అదే.

కోడలు వంటల వ్యాపారం మొదలుపెట్టాక వచ్చిన తొలి ఆర్డరు అది. ఉధనాలో గృహప్రవేశం, పన్నెండింటికి వడ్డన. గంజుకు మూత కుదరక అరిటాకు కప్పి, చెరోవైపు పట్టుకుని కూర్చున్నాం.

వెనక లారీ హారన్ కొడుతుంటే డ్రైవరు సర్కిల్‌లోకి వేగంగా తిప్పాడు. అరిటాకు జారి నా ఒళ్లో పడింది. సాంబారు ఎడమ అంచుకు ఎగబాకి, వేలెడు కింద ఆగింది. మరమగ్గాల కార్ఖానాలో ముప్పై ఏళ్లు తిరిగే చక్రాలను చూసుకున్నవాణ్ణి కనుక నాకు వెంటనే అర్థమైంది. ఇదే వేగంతో గుండ్రంగా తిరిగినంతసేపు మమ్మల్ని లోపలికి లాగే బలం మారదు. సాంబారు ఇలాగే వాలి నిలబడుతుంది. ఒక్కసారిగా తిన్నగా పోతే కుడివైపు దూకుతుంది.

"బయటికి పోకు! తిప్పుతనే ఉండు!" అని అరిచాను.

"ఎంతసేపు పెద్దయ్యా?" అన్నాడు డ్రైవరు.

"జర ఆలోచించనియ్యి."

మూడు చుట్లు తిరిగాం. నాలుగో చుట్టుకు ట్రాఫిక్ పోలీసు ఈల వేశాడు. ఐదో చుట్టుకు కొబ్బరిబొండాల బండి దగ్గరి జనం చేతులూపారు. డ్రైవరు కూడా ఊపాడు.

"మామా, పన్నెండు కావస్తున్నది. నా సాంబారును రంగులరాట్నం ఎక్కించిన్రా ఏంది?" అంది కోడలు.

"సర్కిల్ల ఉన్నంతసేపు భద్రమే బిడ్డా."

"మరి వాళ్లు గీ సర్కిల్లకు వచ్చి తింటరా?"

ఆమె డ్రైవరు భుజం తట్టింది. "అన్నా, మెల్లగ చెయ్యి. ఇంకా మెల్లగ."

వేగం సగమైతే ఆ బలం పావు వంతుకు పడిపోతుంది. ఈ లెక్క నాకు ఎప్పటినుంచో తెలుసు, సమయానికి తోచలేదు. ఆటో నెమ్మదించేకొద్దీ సాంబారు చదునైంది. మనిషి నడిచే వేగంతో బయటపడ్డాం. పోలీసు మా పక్కనే నడుస్తూ గంజులోకి తొంగిచూసి, వెనక బస్సులను ఆపాడు.

ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. నలభై మంది అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సాంబారు చుక్క పోలేదు.

మర్నాడు ఉదయం ఆ ఇంటివాళ్లు ఫోన్ చేశారు. వచ్చే వారం అరవై మందికి కావాలట. కోడలు సంతోషంగా ఒప్పుకుని, నా ఎదుటే డ్రైవరుకు ఫోన్ కలిపింది.

"అన్నా, ఈసారి నేనొక్కదాన్నే వస్త."