రాఘవులు ప్రెజెంట్

తెనాలిలో డిగ్రీ చదివేటప్పుడు బాలత్రిపురసుందరి గొంతు మార్చి ప్రాక్సీ పలికితే ఏ లెక్చరరూ పట్టుకోలేకపోయేవాడు. కెనడాలోని సస్కటూన్ కాలేజీలో గొంతుతో పనే లేదు. ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆపేసి, చాట్‌లో "ప్రెజెంట్" అని కొడితే చాలు. హాజరు తగ్గితే స్టడీ పర్మిట్‌కే ముప్పు. అందుకే పైవాటాలోని అబ్బాయిలు షిఫ్టులకు వెళుతూ, పాస్‌వర్డులు బేస్‌మెంట్‌లో ఉండే ఆమెకు అప్పగించేవారు.

"సుందరమ్మా, మా పాలిట సరస్వతివి నువ్వే," అని నవ్వేవాడు రాఘవులు. బ్యాంకు ఉద్యోగం వదిలి ముప్పయ్యేళ్ల వయసులో మళ్లీ చదువుకొచ్చిన మనిషి. ఊరవతల ట్రాక్టర్ విడిభాగాల గోదాములో పని.

సోమవారం సాయంత్రం మంచుతుఫానులో పాత కారేసుకుని షిఫ్టుకు వెళ్లాడు. తిరిగి రాలేదు. ఫోను కలవలేదు. తోటి పనివాడి ఇంట్లో ఆగిపోయి ఉంటాడనుకున్నారు. మంగళవారం ఉదయం పదింటికి అతని పేరు తెరమీద వెలిగింది: ప్రెజెంట్. బుధవారమూ వెలిగింది.

ఆ మధ్యాహ్నం అతని గదిలో ఉండే ప్రణీత్ పోలీసులకు ఫోన్ చేసి కిందికి దిగాడు.

"కాలేజీని అడిగిన్రంట అక్కా. పొద్దున క్లాసుల ఉన్నడు, మంచిగనే ఉన్నడు, వస్తడులే అంటున్రు."

ఆమె లాప్‌టాప్ మూసేసింది.

"అది నువ్వే గదా? చెప్పేద్దాం."

"చెబితే నన్ను తీసేస్తారు ప్రణీత్. నన్నొక్కదాన్నే కాదు. రేపటిదాకా చూద్దాం."

ప్రణీత్ పాస్‌వర్డు కూడా ఆమె దగ్గరే ఉంది. అతను మెట్లవైపు చూశాడు. బేస్‌మెంట్ కిటికీని మంచు సగందాకా పూడ్చేసింది. గదిలో పగటి వెలుగు పాలలా, వెచ్చదనం లేకుండా నిలిచింది.

గురువారం పదింటికి రాఘవులు పేరుమీద ఆమె వేలు కదల్లేదు. కోటు తొడుక్కుని కాలేజీకి నడిచింది. విదేశీ విద్యార్థుల ఆఫీసులో ప్రేరణ అనే అధికారిణికి అంతా చెప్పేసింది.

ప్రేరణ ఒక్కటే అడిగింది. "అతన్ని కళ్లారా చూసింది ఎప్పుడు?"

"సోమవారం."

ప్రేరణ వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది.

గోదాము దారిలో, పొలాల పక్క గుంటలో కారు దొరికింది. తెల్లటి నేలమీద ఒక తెల్లటి ఉబ్బు. లోపల రాఘవులు సీటు కవర్లన్నీ ఊడదీసి ఒళ్లంతా చుట్టుకుని ఉన్నాడు.

వారానికి బాలత్రిపురసుందరిని తీసేస్తూ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. చదివి మడిచి పెట్టుకుంది. రాఘవులు ఇంటికి పంపాల్సిన ఇంకో కాగితం ప్రణీత్ దగ్గరుంది. రాఘవులు ఏ రోజు పోయాడో డాక్టరు అందులో రాశాడు.

ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. మెట్లమీద ఎదురైతే ఇద్దరూ పక్కకు తప్పుకుంటారు.