మేనేజర్ గారిని అరువు తెచ్చుకున్న మామయ్య

మా మామయ్య తాగడు, పొగ పీల్చడు, పేకాట జోలికి పోడు. అరువడుగుతాడు. అదొక్కటే ఆయనకున్న అలవాటు. మిగతా అలవాట్లన్నీ కలిపి చేసే పని ఆ ఒక్కటే చేసేది.

నిచ్చెన, గొడుగు, సుత్తి, ఇస్త్రీపెట్టె, నిన్నటి పేపరు... ఇదీ అదీ అని లేదు. ఓసారి బ్యాంకులో తన ముందు నిలబడ్డాయన కళ్లద్దాలు అడిగి పెట్టుకుని, ఫారం నింపుకుని, "మీ అద్దాలు నాకు పడట్లేదండీ, డాక్టర్ని మార్చండి" అని సలహా కూడా ఇచ్చి తిరిగిచ్చాడు. ఇంకోసారి కరెంటు పోతే పైవాటా వాళ్ల టార్చిలైటు అడిగి తెచ్చాడు. దేనికంటే, సొంత టార్చిలైటు వెతుక్కోవడానికి.

ముప్ఫై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర లేని పనిముట్టు లేదు. అయినా స్క్రూడ్రైవర్ కోసం నాలుగిళ్లు తిరిగేవాడు.

"ఇంట్లో పదకొండు స్క్రూడ్రైవర్లున్నాయి, ఇంకోళ్లని అడగడానికి సిగ్గులేదూ!" అని అత్తయ్య నెత్తి కొట్టుకునేది.

"ఉన్నాయి లేవే. వాళ్లదాని పిడి బాగుంటుంది."

అలాంటి మామయ్య వీధిలో ఒక్క గుమ్మం మాత్రం తొక్కేవాడు కాదు. అది కింది వాటాలో ఉండే బైండింగమ్మాయిది. ప్రెస్సులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసేది కాబట్టి అందరికీ ఆమె బైండింగమ్మాయే. ఆమెకో కుక్క ఉండేది. మామయ్యకు కుక్కంటే ప్రాణం పోయేంత భయం. పక్కవీధిలో కుక్క మొరిగితే ఈ వీధిలో కుర్చీ ఎక్కేవాడు.

ఆ కుక్క పేరు మేనేజర్. గోధుమరంగు, భారీ శరీరం, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉండేది. రోజూ ఆమెతో ప్రెస్సుకు వెళ్లి, గుమ్మానికి అడ్డంగా పడుకుని, తనేమీ చెయ్యకుండా అందరూ పనిచేస్తున్నారో లేదో చూసేది. పేరు పనివాళ్లే పెట్టారు. అసలు మేనేజరు కూడా కాదనలేకపోయాడు.

పోయినేడు ప్రెస్సు మూతపడింది. పదిహేనేళ్ల ఉద్యోగం ఒక్క సోమవారంతో పోయింది. బైండింగమ్మాయి ఊరంతా తిరిగింది, చేతి కుట్టు ఎవరికీ అక్కర్లేదు. మొదట కుట్టుమిషను అమ్మేసింది, తర్వాత ఫ్రిజ్జు. రెండు నెలలయ్యేసరికి మనిషి సగమైంది, మేనేజర్ మాత్రం అలాగే ఉంది. ఆమె పళ్లెంలోది దాని పళ్లెంలోకి వెళ్తోందని చూసినవాళ్లందరికీ తెలుసు. కానీ ఎవరైనా సాయం మాటెత్తితే చాలు, "నాకేం తక్కువండీ" అని తలుపు వేసుకునేది.

సరిగ్గా అప్పుడే మామయ్యకు ఆ గుమ్మం కనబడింది. వారానికి రెండుసార్లు వాళ్ల కిటికీ బయట, కుక్కకు అందనంత దూరంలో నిలబడి, "అమ్మాయీ, ఓ గ్లాసుడు పంచదార ఉంటుందా?" అనడం మొదలుపెట్టాడు. ఓరోజు పంచదార, ఓరోజు గోధుమపిండి, ఓరోజు సబ్బు.

నాకు తల తీసేసినట్టయింది. "మామయ్యా, ఉద్యోగం పోయి ఆమె నానా అవస్థా పడుతుంటే, వెళ్లి ఆమెనే అడుగుతావా? ఇంకెవరూ దొరకలేదా?"

"ఆ అమ్మాయి పంచదార తియ్యగా ఉంటుందిరా," అన్నాడు.

ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు.

చివరికి బైండింగమ్మాయి ఓటమి ఒప్పుకుంది. శనివారం గది ఖాళీ చేసి వేరే ఊళ్లో ఉన్న అక్క ఇంటికి వెళ్లిపోవాలి. అక్కడ అక్క కూతురికి ఆయాసం, కుక్క వెంట్రుక తగిలితే ఊపిరాడదు. అంటే శనివారంలోగా మేనేజర్‌కి ఇల్లు చూడాలి. మంగళవారం నాడు నన్ను పిలిచి, "అన్నయ్యా, వచ్చినవాళ్లతో నువ్వు మాట్లాడు. నేను మాట్లాడితే ఏడ్చేస్తాను," అంది.

బుధవారం ఒక జంట వచ్చింది. "సోఫా ఎక్కుతుందా?" అని అడిగారు. మేనేజర్ అప్పటికే భర్త ఒళ్లో సగం ఎక్కేసి ఉంది. గురువారం ఒక టీచరమ్మ వచ్చింది. ఆమెకు అన్నీ నచ్చాయి గానీ ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తే వీల్లేదన్నాడు. ఇంకొకాయన "వయసెంత?" అని అడిగి, తొమ్మిదేళ్లు అనగానే పాత కారు బేరమాడినట్టు చుట్టూ తిరిగి చూసి, పళ్లు చూసి, వెళ్లిపోయాడు.

శుక్రవారం గోడౌన్ ఆసామి వచ్చాడు. ఇనుప సామాను గోడౌన్. కుక్కను ముట్టుకోలేదు, పేరడగలేదు. "గొంతు బాగానే ఉంది. గేటు దగ్గర కట్టేస్తాను. రేపు పదింటికి వ్యాను తెస్తా," అన్నాడు.

"ఎప్పుడూ కట్టేసే ఉంచుతారా అండీ?" అంది బైండింగమ్మాయి.

"మరి కుర్చీ వేసి కూర్చోబెడతామా?"

ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను. మా ఇంట్లో నాకే చోటు లేదు. వేరే దారి లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె సరేనంది.

శనివారం పొద్దున్న నేను వెళ్లేసరికి గదిలో రెండు సంచులు, ఒక బల్ల, దాని కింద మేనేజర్ ఉన్నాయి. దానికి ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో, గోడకు ఆనుకుని బయటకు రానంటోంది. పొద్దున పెట్టిన రొట్టె అలాగే ఉంది. ఆమె బల్ల పక్కన కూర్చుని దాని వాలిన చెవిని నిమురుతోంది. నేను గడియారం చూడకూడదనుకుంటూ నిమిషానికోసారి చూస్తున్నాను.

పదికి అయిదు నిమిషాల ముందే వ్యాను వచ్చింది. ఆసామి గొలుసు పట్టుకుని లోపలికొచ్చాడు. ఆ గొలుసు చూస్తే లారీకి కట్టేదానిలా ఉంది. "ఏదీ?" అని వంగాడు. బల్ల కింద నుంచి గుర్రుమని శబ్దం వచ్చింది. తొమ్మిదేళ్లలో మేనేజర్ గుర్రుమనడం ఎవరూ వినలేదు.

"అమ్మాయీ, ఓ కత్తెర ఉందా?"

గుమ్మంలో మామయ్య! నాకు ఒళ్లు మండిపోయింది. "సామానంతా కట్టేసింది మామయ్యా, వెళ్లు!"

ఆయన వెళ్లలేదు. ఆసామిని చూశాడు, గొలుసు చూశాడు, బల్ల కిందికి చూశాడు. నుదుటి మీద చెమట. రెండు చేతులతో గుమ్మం పట్టుకున్నాడు.

"పోనీ, ఆ కుక్కనిస్తావా?" అన్నాడు.

"ఏంటి బాబాయ్ గారూ?"

"అరువే అమ్మాయీ. ఉంచేసుకోను. నువ్వు కుదురుకున్నాక, నీకెప్పుడు కావాలంటే అప్పుడు తిరిగిచ్చేస్తాను."

ఆసామి నవ్వాడు. "అరువేంటండీ, కుక్కని ఎవరైనా అరువిస్తారా? నేను శాశ్వతంగా తీసుకెళ్తానంటున్నాను కదా!"

"అదేనండీ మీతో వచ్చిన చిక్కు," అన్నాడు మామయ్య.

"చూడమ్మా, నా టైము పోతోంది. ఆయనకా, నాకా?"

బైండింగమ్మాయి మామయ్య వైపు తిరిగింది. "మీకు కుక్కంటే భయం కదా బాబాయ్ గారూ," అంది.

"భయమే. దాని సంగతి మేం మేం చూసుకుంటాం. చీటీ రాసిమ్మంటావా?"

జీవితంలో ఎన్నడూ చీటీ రాయని మనిషి, నా జేబులో పెన్ను తీసుకుని, ఆమె సంచిలోంచి కాగితం అడిగి రాశాడు: "గోధుమరంగు కుక్క ఒకటి, చెవులు రెండు, అందులో ఒకటి వాలినది, మంచి స్థితిలో అరువుగా పుచ్చుకున్నాను. యజమాని అడిగిన రోజున తిరిగి అప్పగించగలవాడను." ఒక కన్ను కుక్క మీదే ఉంచడంతో సంతకం కోడి గీకినట్టు వచ్చింది.

ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివింది. మడిచి జాకెట్టులో పెట్టుకుని, ఆసామితో, "మీరు వెళ్లండి," అంది.

వ్యాను వెళ్లిపోయింది. ఆమె చెప్పగా మేనేజర్ మెల్లగా బయటికొచ్చింది. మామయ్య కళ్లు గట్టిగా మూసుకుని తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లెక్కారు. ఎవరు ఎవరిని తీసుకెళ్తున్నారో చెప్పడం కష్టం.

బస్సు స్టాండుకు సంచులు మోసుకెళ్తూ, "మామయ్య నిన్ను చాలా విసిగించాడు. ఏమీ అనుకోకు," అన్నాను.

ఆమె ఆగిపోయింది. "నీకు తెలీదా అన్నయ్యా? గ్లాసుడు పంచదార పట్టుకెళ్తే మర్నాడు డబ్బా నిండా తెచ్చేవారు. పిండి అయితే సంచీ. ఇదేంటని అడిగితే, 'నాకు కొలతలు రావమ్మాయీ' అనేవారు. లిఫ్టులు బాగుచేసిన మనిషికి కొలతలు రావట! ఎవరైనా ఇస్తామంటే నేను పుచ్చుకోలేకపోయేదాన్ని. ఆయన మాత్రం అడగడానికి వచ్చేవారు. అడిగిన మనిషికి లేదనలేం కదా. రెండు నెలలు అలాగే తిన్నాం, నేనూ అదీ."

సంచులు బరువుగా ఉన్నట్టు నటిస్తూ నడిచాను.

మొదటి వారం మామయ్య భోజనం కుర్చీ మీద నిలబడే చేశాడు. రెండో వారానికి కుర్చీలో కూర్చున్నాడు. నెల తిరిగేసరికి కుర్చీలో మేనేజర్ కూర్చుంటే ఆయన నేల మీద కూర్చున్నాడు. అత్తయ్య ఒకటే అంది: "జీవితంలో మొదటిసారి పనికొచ్చేది అరువు తెచ్చారు."

ఏడు నెలలకు బైండింగమ్మాయికి అక్కడే నోటుపుస్తకాల ఫ్యాక్టరీలో పని దొరికింది. పెరడున్న గది తీసుకుని, చీటీ పట్టుకుని వచ్చింది. ఆమె గొంతు వినగానే మేనేజర్ మెట్లమీద నుంచి దొర్లినంత పని చేసింది. మామయ్య కొత్త తాడు, దుప్పటి, దానికిష్టమైన రొట్టెల పొట్లం అన్నీ సర్ది ఇచ్చి, "అప్పగించేశాను, చూసుకో. చెవులు రెండే," అన్నాడు. తర్వాత రెండు వారాలు ఎవర్నీ ఏమీ అడగలేదు. వీధంతా కంగారు పడింది. పైవాటా ఆవిడ టార్చిలైటు పట్టుకుని తనే వచ్చి, "ఒంట్లో బాగుంది కదండీ?" అని అడిగి వెళ్లింది.

మూడో ఆదివారం ఆయన నన్ను వెంటబెట్టుకుని మూడు గంటలు బస్సులో ప్రయాణం చేశాడు. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బైండింగమ్మాయి తలుపు తీసి, ఆనందం పట్టలేక, "రండి రండి బాబాయ్ గారూ! ఏం కావాలి మీకు, చెప్పండి?" అంది.

"ఏమీ అక్కర్లేదమ్మాయీ," అన్నాడు మామయ్య. "ఊరికే చూసిపోదామని."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. నేనింకా తేరుకోకముందే పెరట్లోంచి మేనేజర్ దూసుకొచ్చి, ముందు కాళ్లు రెండూ ఆయన భుజాల మీద వేసింది. పక్కనే కుర్చీ ఉంది. ఆయన దానివైపు చూడనైనా చూడలేదు.