దక్షిణపు గోడ

మొన్న సాయంత్రం కరెంటు పోతే మా పాప టార్చి వేసింది. గోడ మీద ఆ వెలుగు చూడగానే చిత్తూరులో మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు అమ్మ వేలూరు ఆసుపత్రిలో ఉంది. ఇంటరు చదివే అక్క గోడ మీదికి టార్చి వేసి, రెండింతల దూరానికి వెనక్కి జరిగింది.

"సూడు, అదే వెలుగు నాలుగింతల సోటుకు పరుసుకునింది. అందుకే పలసనైంది. వస్తువులు ఒకదాన్నొకటి లాగే బలం కూడా ఇంతే" అంది.

"దూరం పోతే అయిపోతాదా?" అన్నాను.

"అయిపోదు. కొంచెమన్నా ఉంటాది. దగ్గిరైతే గట్టిగా లాగతాది."

పడుకునేటప్పుడు నా చాపను దక్షిణపు గోడ దగ్గరకు జరుపుకున్నాను. వేలూరు అటువైపే.

"ఈడెందుకే?" అంది అక్క.

"అమ్మను లాగతా ఉండా."

అక్క తన చాప కూడా తెచ్చి నా పక్కనే వేసుకుంది.

తెల్లారి నాయన ఒక్కడే వచ్చాడు. "అమ్మ ఇంక రాదు బిడ్డా" అని గడపలోనే కూలబడ్డాడు.

ఆ గోడ అడ్డం లేకుంటే ఇంకొంచెం దగ్గరయ్యేదాన్నని చాన్నాళ్లు ఏడ్చాను. అక్క చెప్పిన సూత్రంలో తప్పేమీ లేదు. కానీ లాగడానికి రెండు కొసల్లోనూ ఏదో ఒకటి ఉండాలి. ఒక కొస ఖాళీ అయ్యాక, ఎంత దగ్గరకు జరిగినా ఒకటే.